రోడ్ బైక్ గేర్ షిఫ్టర్ మొరాయిస్తే: ఇంట్లోనే చేసుకోగల మరమ్మతు

రోడ్ బైక్ తొక్కేవారిలో చాలామందికి ఏదో ఒక ఉదయం ఎదురయ్యే ఇబ్బంది ఇది. ఎత్తు మొదలవగానే తేలిక గేరు కోసం కుడిచేతి లివర్‌ను లోపలికి నెడతారు. వేలికి టక్కుమని తగలాల్సిన చోట ఏమీ తగలదు. లివర్ గాలిలో ఊగినట్టు అటు వెళ్లి ఇటు వస్తుంది, వెనక చైను మాత్రం ఉన్న చోటు నుంచి కదలదు. కొందరికి ఇది ఒక్కసారిగా జరుగుతుంది. మరికొందరికి కొన్ని వారాల పాటు రెండు నొక్కుల్లో ఒకటి మాత్రమే పట్టుకుంటూ, చివరికి ఒక రోజు అసలు పట్టుకోవడమే మానేస్తుంది.

నాకు ఇది ఒక పాత తొమ్మిది గేర్ల సైకిల్‌తో అనుభవంలోకి వచ్చింది. రెండేళ్లు గది మూల నిలబడిన ఆ సైకిల్‌ను బయటికి తీసేసరికి కుడి షిఫ్టర్‌లో, అంటే గేర్లు మార్చే లివర్ యంత్రాంగంలో, ప్రాణం లేదు. తీసుకెళ్లి చూపించిన దుకాణంలో లివర్‌ను రెండుసార్లు ఊపి చూసి, లోపల విరిగిపోయిందని, జత మొత్తం మార్చాలని చెప్పారు. కొత్త జత ధర వింటే ఆ సైకిల్ విలువలో సగం దానికే పోయేలా ఉంది. ఇంటికి తెచ్చి ఒక స్ప్రే డబ్బా, కొన్ని పాత దినపత్రికలు, ఒక సాయంత్రం దాని మీద ఖర్చు పెట్టాను. లోపల ఏదీ విరగలేదు. ఆ షిఫ్టర్ ఇప్పటికీ పనిచేస్తోంది.

నేను చూసినంతవరకు ఇలా ఖాళీగా ఊగే షిఫ్టర్లలో అత్యధిక భాగం పాడైనవి కావు. కొన్నింటిలో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, కొన్నింటిలో కేబుల్ లోపలే చిట్లి ఉంటుంది. అందువల్ల స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి ముందు ఈ రెండింటిలో ఏది జరిగిందో తేల్చుకోవాలి. ఈ మార్గదర్శిలో ప్రధానంగా కేబుల్‌తో పనిచేసే షిమానో కంపెనీ రకం కుడి షిఫ్టర్‌ను, అంటే బ్రేక్ లివరే గేర్ లివర్‌గానూ పనిచేసే రకాన్ని తీసుకున్నాను. మిగతా కంపెనీల తేడాలను అవసరమైన చోట చెబుతాను. బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ షిఫ్టర్లకు ఈ పద్ధతి వర్తించదు.

లోపల ఏం జరుగుతుంది

ఒకప్పుడు గేర్ లివర్లు ఫ్రేమ్ కింది గొట్టం మీద ఉండేవి. గేరు మార్చాలంటే ఒక చేయి హ్యాండిల్ మీద నుంచి తీయవలసి వచ్చేది. షిమానో 1990లో డ్యూరా-ఏస్ అనే తన విడిభాగాల శ్రేణిలో బ్రేకునూ గేరునూ ఒకే లివర్‌లో కలిపిన ఎస్‌టీఐని తెచ్చింది. సౌకర్యం పెరిగింది, దానితోపాటు చిన్న గడియారంలాంటి యంత్రాంగం పిడికిలంత చోటులోకి వచ్చి చేరింది.

ఆ యంత్రాంగం సూత్రం మాత్రం సులువైనదే. లోపల కేబుల్ చుట్టుకునే ఒక చిన్న రాట్నం ఉంటుంది, దానికి అనుబంధంగా పళ్లున్న ఒక చక్రం ఉంటుంది. పెద్ద లివర్‌ను, అంటే బ్రేక్ లివర్‌ను, లోపలికి నెట్టినప్పుడు ఒక ఉక్కు కొక్కెం ఆ పంటిని పట్టుకుని రాట్నాన్ని ఒక మెట్టు తిప్పుతుంది. మరో కొక్కెం వెంటనే తరువాతి పంటిలో పడి, రాట్నం వెనక్కి పోకుండా ఆపుతుంది. మనకు వినిపించే టక్ అనే శబ్దం ఈ రెండో కొక్కెం పడినప్పటిది. వెనకున్న చిన్న లివర్‌ను నొక్కితే ఆపి ఉంచిన కొక్కెం ఒక్క క్షణం పైకి లేస్తుంది, అవతల, చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే డీరైలర్‌లోని స్ప్రింగు కేబుల్‌ను ఒక మెట్టు లాగేసుకుంటుంది.

ఈ కొక్కేలను పంటిలోకి నెట్టే స్ప్రింగులు చాలా సన్ననివి, వాటి బలం కూడా అంతంత మాత్రమే. కర్మాగారంలో పూసిన గ్రీజు కొన్నేళ్లకు మైనంలా గట్టిపడినప్పుడు, ఆ సన్నని స్ప్రింగుకు కొక్కేన్ని కదిపే శక్తి చాలదు. కొక్కెం పైకి లేచిన చోటే అతుక్కుని ఉండిపోతుంది, పన్ను దాని కింద నుంచి జారిపోతుంది, లివర్ ఖాళీగా ఊగుతుంది. సంక్రాంతి రోజుల చలి ఉదయాల్లో మొండికేసిన షిఫ్టర్ ఎండెక్కాక తనంతట తానే బాగుపడినట్టు అనిపిస్తే, దోషం గ్రీజుదేనని దాదాపుగా నిర్ణయించుకోవచ్చు. దుమ్ము, చేతుల మీదుగా జారే చెమట, విశాఖ వంటి తీర నగరాల్లో ఉప్పుగాలి దీన్ని మరింత త్వరపెడతాయి.

తప్పు షిఫ్టర్‌దేనా, మరొకదానిదా

సైకిల్ వెనక చక్రం నేలకు తాకకుండా ఎత్తి నిలబెట్టండి. స్టాండ్ లేకపోతే సీటును తాడుతో దూలానికి కట్టి వేలాడదీసినా సరిపోతుంది. ఒక చేత్తో పెడల్ తిప్పుతూ, కింది గొట్టం వెంబడి బయటికి కనిపించే గేర్ కేబుల్‌ను మరో చేత్తో గొట్టానికి దూరంగా లాగండి. చైను పెద్ద పళ్లచక్రాల మీదికి ఎక్కి, కేబుల్ వదలగానే చటుక్కున చిన్నవాటి మీదికి దిగితే, డీరైలర్ బాగానే ఉన్నట్టు. ఎక్కడం సులువుగా ఉండి దిగడం మాత్రం బద్ధకంగా ఉంటే కేబుల్‌ను కప్పి ఉంచే గొట్టంలో, అంటే ఔటర్‌లో, మురికి గానీ తుప్పు గానీ చేరిందని అర్థం. అప్పుడు షిఫ్టర్ జోలికి పోకుండా కేబుల్, ఔటర్ మార్చుకుంటే చాలు.

కేబుల్ ఫ్రేమ్ లోపలి నుంచి వెళ్లే సైకిళ్లలో ఈ పరీక్ష కుదరదు. అలాంటప్పుడు డీరైలర్ దగ్గర కేబుల్‌ను పట్టి ఉంచే బోల్టు వదులు చేసి, కేబుల్ కొసను ప్లయర్‌తో మెల్లగా బిగబట్టుకోవాలి. మరొకరిని షిఫ్టర్ నొక్కమని చెప్పి మెట్లు లెక్కపెట్టండి. తొమ్మిది గేర్ల షిఫ్టర్‌కు ఎనిమిది టక్కులు, ఎనిమిది గేర్లదానికి ఏడు టక్కులు రావాలి. ప్రతి టక్కుకూ కేబుల్ కొద్దిగా లోపలికి పోవడం ప్లయర్ పట్టుకున్న చేతికి స్పష్టంగా తెలుస్తుంది. లెక్క సరిపోయి, ప్రతి మెట్టూ గట్టిగా నిలబడితే షిఫ్టర్‌లో దోషం లేదు.

ఇక్కడ ఒక చిన్న పొరపాటుకు అవకాశం ఉంది. చైను ఇప్పటికే అన్నిటికంటే పెద్ద చక్రం మీద ఉన్నప్పుడు పెద్ద లివర్ నొక్కితే అది ఎక్కడా పట్టుకోదు, ఎందుకంటే వెళ్లడానికి మరో మెట్టు లేదు. దాన్ని చూసి షిఫ్టర్ పోయిందని కంగారుపడకూడదు. ముందు చిన్న లివర్‌ను పదిసార్లు నొక్కి పూర్తిగా వదిలించి, ఆ తరువాతే పరీక్ష మొదలుపెట్టాలి.

వెనక నుంచి చూసి డీరైలర్ వేలాడే హ్యాంగర్ వంగిందేమో కూడా గమనించండి. డీరైలర్‌లోని రెండు చిన్న పుల్లీలు, వెనక చక్రానికి బిగించిన పళ్లచక్రాల గుత్తి (క్యాసెట్) ఒకే నిలువు తలంలో కనిపించాలి. సైకిల్ కుడివైపు పడిన చరిత్ర ఉంటే సాధారణంగా దోషం ఇక్కడే దొరుకుతుంది, అప్పుడు షిఫ్టర్‌ను ఎంత కడిగినా గేర్లు కుదరవు.

లివర్ నొక్కినప్పుడు టక్కుమనడం ఉంది, కానీ అకస్మాత్తుగా బరువుగా మారింది, ఒక్కో మెట్టుకు ఇసుక నలిగినట్టు గరగరమంటోంది అనుకోండి. ఇది గ్రీజు లక్షణం కాదు, కేబుల్ చిట్లుతున్న లక్షణం. ఆ క్షణం నుంచి ఇక ఒక్క గేరు కూడా మార్చకండి. కారణం తరువాత చెబుతాను.

దగ్గర ఉంచుకోవలసినవి

4, 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, సన్నని గొట్టం తగిలించుకునే స్ప్రే డబ్బా, పల్చటి నూనె, కొత్త గేర్ కేబుల్, ఔటర్, సూది, చిమటా, పాత బట్టలు. వీటికి తోడు కేబుల్ కత్తిరించే అసలైన కట్టర్ ఒకటి ఉండాలి. ప్లయర్‌తో కోస్తే కేబుల్ పోగులు విడిపోయి చీపురుకట్టలా తయారవుతుంది, దాన్ని మళ్లీ ఔటర్‌లోకి దూర్చడం సాధ్యం కాదు. కట్టర్‌కు పెట్టే డబ్బు మొదటి రోజే తిరిగి వచ్చేస్తుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోవడం చాదస్తంగా అనిపించవచ్చు గానీ, స్ప్రే షిఫ్టర్‌లో ఒక రంధ్రం గుండా లోపలికి వెళ్లి మరో రంధ్రం గుండా నేరుగా ముఖం మీదికి వస్తుంది.

స్ప్రేగా డబ్ల్యూడీ-40 వంటిది సరిపోతుంది, ప్లాస్టిక్‌కు హాని చేయదని డబ్బా మీద రాసిన, గ్రీజు కరిగించే డీగ్రీజర్ అయితే ఇంకా మంచిది. మన ఇళ్లలో చైను కడగడానికి కిరోసిన్ వాడే అలవాటు ఉంది. చైనుకు అది పనికివస్తుంది గానీ, ఈ ఇరుకు చోట్లోకి ఒత్తిడితో పంపడానికి స్ప్రేనే అనుకూలం. పెట్రోలు మాత్రం వద్దు. నిప్పు ప్రమాదం సంగతి అటుంచినా, లోపలి ప్లాస్టిక్ భాగాలను అది దెబ్బతీయగలదు.

కేబుల్ బయటికి తీయడం

ముందుగా లివర్ మీద ఉన్న రబ్బరు తొడుగును వెనక నుంచి ముందుకు మడవండి. స్ప్రేలోని ద్రావకం తగిలితే ఆ రబ్బరు ఉబ్బి, తిరిగి తన చోట కూర్చోదు కాబట్టి, మడిచిన దాని మీద ఒక ప్లాస్టిక్ సంచి చుట్టి రబ్బరు బ్యాండ్ వేయడం మేలు. బ్రేక్ ప్యాడ్ల మీద, చక్రం రిమ్ము మీద, డిస్క్ ఉంటే డిస్క్ మీద పాత బట్ట కప్పండి. ఒక్క చుక్క నూనె డిస్క్ ప్యాడ్‌లోకి ఇంకితే ఆ ప్యాడ్‌ను పారేయవలసి వస్తుంది.

పెడల్ తిప్పుతూ చిన్న లివర్‌ను పదేపదే నొక్కి, చైనును అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి దించండి. కేబుల్ తల షిఫ్టర్‌లోని రంధ్రానికి ఎదురుగా వచ్చేది ఈ స్థితిలో మాత్రమే. ఇప్పుడు డీరైలర్ దగ్గర కేబుల్ కొసన ఉన్న అల్యూమినియం టోపీని కోసేసి, బోల్టు వదులు చేసి, కేబుల్‌ను షిఫ్టర్ వైపు తోయండి. కేబుల్ హ్యాండిల్ పక్క నుంచి బయటికి వచ్చే పాత రకాల్లో బ్రేక్ లివర్‌ను నొక్కి పట్టుకుంటే పక్కన గుండ్రటి రంధ్రం కనిపిస్తుంది, కేబుల్ తల అందులోంచి తొంగిచూస్తుంది. కేబుల్ హ్యాండిల్ టేపు కింద నుంచి వెళ్లే కొత్త రకాల్లో రబ్బరు తొడుగు కిందే వెతకాలి. కొన్నింటిలో ఆ రంధ్రం మీద చిన్న మూత కూడా ఉంటుంది.

చిన్న లివర్ కూడా పనిచేయక, రాట్నం మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంటే బలం ఉపయోగించవద్దు. కేబుల్ అలాగే ఉండగా ముందు స్ప్రే కొట్టి, అరగంట ఆగి మళ్లీ ప్రయత్నించండి. సాధారణంగా పట్టుకునే కొక్కెం కంటే వదిలే కొక్కెమే ముందు మేలుకుంటుంది.

బయటికి వచ్చిన కేబుల్ తల దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్ల మేర వేలితో కాకుండా బట్టతో తుడిచి చూడండి. కేబుల్‌లో ఎన్నో సన్నని ఉక్కు తీగలు పురి వేసి ఉంటాయి. రాట్నం చుట్టూ చిన్న వలయంలో వంగుతూ లేస్తూ ఉండటం వల్ల అలసిపోయి, అవి ఒక్కొక్కటిగా తెగుతాయి. తెగిన పోగు వెంట్రుక కంటే కొంచెం మందంగా, కొస సూదిలా ఉంటుంది. బట్టకు పట్టుకుని ఒక దారాన్ని లాగేస్తుంది, వేలికైతే నెత్తురు తెప్పిస్తుంది. టేపు కింద నుంచి కేబుల్ వెళ్లే పదకొండు గేర్ల షిఫ్టర్లలో వంపు మరీ బిగుతుగా ఉండటం వల్ల ఈ సమస్య ఎక్కువ. ఎక్కువ దూరాలు తొక్కేవారు వాటి కేబుల్‌ను ఏడాదికోసారి, చిట్లినా చిట్లకపోయినా, మార్చుకోవడమే మంచిది.

ఒకవేళ కేబుల్ లోపలే తెగిపోయి తల మాత్రం షిఫ్టర్‌లో ఉండిపోతే, లివర్లను అదేపనిగా నొక్కడం అన్నిటికంటే పెద్ద తప్పు. గరగరమన్నప్పుడు ఆగిపొమ్మన్నది కూడా ఇందుకే. ప్రతి నొక్కుతోనూ తెగిన పోగులు పళ్ల మధ్యకు చుట్టుకుపోతాయి, పూర్తిగా చుట్టుకున్నాక షిఫ్టర్ నిజంగానే పనికిరాకుండా పోవచ్చు. చిన్న లివర్‌ను మాత్రమే, ఒక్కో మెట్టుకు ఆగి రంధ్రంలోకి టార్చి వేసి చూస్తూ నొక్కండి. తల ఎదురుగా రాగానే రంధ్రం కిందికి ఉండేలా సైకిల్‌ను వంచి, సూదితో వెనక నుంచి నెట్టి, చిమటాతో పట్టి లాగండి. విడి పోగులు మిగిలితే అవి కూడా ఒక్కటి వదలకుండా బయటికి రావాలి. అయస్కాంతం మీద ఆశ పెట్టుకోవద్దు, చాలా కేబుళ్లు స్టెయిన్‌లెస్ ఉక్కువి కాబట్టి అయస్కాంతానికి సరిగా అంటుకోవు. ఈ పనికి నాకు ఒకసారి రెండు గంటలు పట్టింది. ఓపిక లేని రోజున మొదలుపెట్టకపోవడమే మంచిది.

గట్టిపడిన గ్రీజును కడగడం

కింద నాలుగైదు పొరల దినపత్రికలు పరవండి. షిఫ్టర్‌ను హ్యాండిల్ నుంచి విప్పనక్కరలేదు. సైకిల్ నిలబడి ఉండగానే పని జరుగుతుంది. పెద్ద లివర్‌ను లోపలికి నెట్టి పట్టుకుంటే, లివర్‌కూ దాని వెనక దిమ్మకూ మధ్య ఒక సందు తెరుచుకుని లోపలి పళ్లు, కొక్కేలు కొంత కనిపిస్తాయి. స్ప్రే గొట్టాన్ని ఆ సందులో పెట్టి ధారాళంగా కొట్టండి. తరువాత కేబుల్ రంధ్రం నుంచి, చిన్న లివర్ పక్క నుంచి కూడా కొట్టండి. నాలుగు చుక్కలతో సరిపెడితే పాత గ్రీజు మెత్తబడుతుందే తప్ప బయటికి రాదు. లోపలిది కొట్టుకుపోవాలంటే అవతలి వైపు నుంచి ధార కారాలి.

పావుగంట వదిలేయండి. ఆ తరువాత పెద్ద లివర్‌ను యాభైసార్లు, చిన్న లివర్‌ను యాభైసార్లు నొక్కండి. మొదట్లో ఏమీ జరగదు. మళ్లీ స్ప్రే, మళ్లీ పావుగంట, మళ్లీ నొక్కడం. పత్రిక మీద పడే చుక్కలను గమనిస్తూ ఉండండి. మొదటి విడతలో ముదురు గోధుమ రంగులో, పాకంలా సాగుతూ పడతాయి, మూడో విడతకు టీ డికాక్షన్ రంగుకు వస్తాయి, ఆ తరువాత స్వచ్ఛమైన స్ప్రేనే కారుతుంది. నా సైకిల్ విషయంలో మూడో విడత మధ్యలో, దాదాపు విసిగిపోయిన సమయంలో, పది ఖాళీ ఊపుల తరువాత ఒక మెత్తటి టక్ తగిలింది. మరో ఐదు ఊపులకు ఇంకొకటి. అక్కడి నుంచి పది నిమిషాల్లో ప్రతి నొక్కుకూ పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ మొదటి టక్ వినబడిందంటే పని సగానికి పైగా అయినట్టే.

రెండు విడతల తరువాత కూడా కదలిక లేకపోతే హెయిర్ డ్రయ్యర్‌ను అరచేయి దూరంలో పట్టి, లివర్ వెచ్చబడే వరకు రెండు మూడు నిమిషాలు వేడి గాలి కొట్టండి. గట్టిపడిన గ్రీజు వెచ్చదనానికి లొంగుతుంది. అయితే స్ప్రేలలో మండే ద్రావకాలు ఉంటాయి కాబట్టి, ముందు కొట్టిన స్ప్రే పూర్తిగా ఆరాక, కిటికీలు తెరిచి మాత్రమే డ్రయ్యర్ వాడాలి. డ్రయ్యర్ ఆపి, పక్కన పెట్టాకే తిరిగి స్ప్రే చేయాలి.

అన్ని మెట్లూ వరుసగా పట్టుకుని, వదులుతున్నాయని నిర్ధారించుకున్నాక రాత్రంతా ఆరనివ్వండి. ఇక్కడితో ఆగిపోయేవారు చాలామంది ఉన్నారు, వారి షిఫ్టర్ కొన్ని నెలలకు మళ్లీ మొదటికి వస్తుంది. కడిగిన లోహానికి ఇప్పుడు ఏ రక్షణా లేదు. కొట్టిన స్ప్రే కడగడానికే గానీ, ఏళ్ల తరబడి కందెనగా నిలబడటానికి తయారైనది కాదు. మరుసటి రోజు అవే సందుల నుంచి పల్చటి నూనె ఐదారు చుక్కలు వేసి, ముప్పైసార్లు నొక్కి, బయటికి వచ్చినదాన్ని తుడిచేయండి. స్ప్రే రూపంలో దొరికే పల్చటి గ్రీజు ఉంటే ఇంకా బాగుంటుంది. చక్రాల బేరింగులకు వాడే చిక్కటి గ్రీజు మాత్రం పెట్టవద్దు, అది మళ్లీ కొక్కేలను అతికించేస్తుంది.

రెండు రోజుల్లో నాలుగైదు విడతలు కడిగినా ఒక్క టక్ కూడా రాకపోతే, లేదా శుభ్రంగా ఉండి కూడా ఒకే మెట్టు దగ్గర ప్రతిసారీ జారిపోతుంటే, స్ప్రింగు విరగడమో పన్ను అరగడమో జరిగి ఉంటుంది. షిమానో షిఫ్టర్‌ను అక్కడి నుంచి ముందుకు విప్పమని నేను చెప్పను. లోపలి పళ్లచక్రం, కొక్కేల (రాచెట్) భాగాలను ఆ కంపెనీ విడిగా అమ్మదు, ఒకసారి విడిపోయిన స్ప్రింగులను తిరిగి కూర్చడం దుకాణం వాళ్లకే గండం. కాంపాగ్నోలో వారి కేబుల్ షిఫ్టర్లు ఇందుకు భిన్నం. వాటిలో చాలా రకాలను విప్పి, లోపలి స్ప్రింగులు మార్చి మళ్లీ వాడుకునేలా తయారుచేశారు. షిమానోకు మార్పిడి తప్పనప్పుడు గేర్ల సంఖ్య ఒక్కటే చూసి కొనకండి. షిమానో టియాగ్రా 4700 షిఫ్టర్ పది గేర్లదే అయినా, ఒక్కో మెట్టుకు అది లాగే కేబుల్ పొడవు అంతకుముందటి పది గేర్ల రోడ్ షిఫ్టర్ల కంటే వేరు, పాత డీరైలర్‌తో జత కుదరదు. ఎనిమిది, తొమ్మిది గేర్ల షిమానో వ్యవస్థలకు సరిపడే షిఫ్టర్లను మైక్రోషిఫ్ట్ అనే కంపెనీ కూడా చేస్తుంది. పాత సైకిల్‌కు అది తక్కువ ఖర్చులో తేలే దారి.

కొత్త కేబుల్, కొత్త ఔటర్

షిఫ్టర్‌ను ఇంత కష్టపడి బాగుచేసుకుని, పాత కేబుల్‌నే తిరిగి ఎక్కించడం కొత్త చెప్పుల్లోకి చిరిగిన మేజోళ్లు తొడుక్కోవడం లాంటిది. గేర్ కేబుల్ 1.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, బ్రేక్ కేబుల్ సుమారు 1.6. మామూలు సైకిల్ దుకాణంలో రోడ్ బైక్ గేర్ కేబుల్ అని అడిగితే లేదనవచ్చు. షిమానో రకానికి గేర్లున్న మౌంటెన్ బైక్ కేబుల్ కూడా సరిపోతుంది, రెండింటి తలా ఒకటే. పొడవు మాత్రం రెండు మీటర్లకు తగ్గకూడదు.

ఔటర్ విషయంలో ఒక్క తేడా తప్పనిసరిగా తెలిసి ఉండాలి. బ్రేక్ ఔటర్ లోపల ఉక్కు పట్టీ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, గేర్ ఔటర్‌లో సన్నని తీగలు పొడవునా నిలువుగా పరిచి ఉంటాయి. బ్రేక్ ఔటర్‌ను గేరుకు వాడితే అది నొక్కుకుని, గేర్లు ఒక చోట నిలవవు. గేర్ ఔటర్‌ను బ్రేకుకు వాడితే గట్టిగా బ్రేకు పట్టిన క్షణంలో అది చీలిపోయి ప్రాణం మీదికి తేగలదు. పాత ముక్క పొడవుకే కొత్తదాన్ని కట్టర్‌తో నిలువుగా కోసి, నొక్కుకుపోయిన లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని సూదితో గుండ్రంగా తెరిచి, రెండు కొసలకూ టోపీలు తొడగండి. డీరైలర్‌లోకి వంపు తిరిగి వెళ్లే చివరి ముక్కలోనే ఎక్కువ మురికి చేరుతుంది. డబ్బు సరిపోక ఒక్క ముక్కే మార్చాలనుకుంటే దాన్నే మార్చండి.

షిఫ్టర్ పూర్తిగా వదిలిన స్థితిలో ఉందో లేదో చిన్న లివర్‌ను మరో రెండుసార్లు నొక్కి చూసుకుని, కేబుల్‌ను రంధ్రంలోంచి పంపండి. తల లోపల కూర్చున్నాక గట్టిగా ఒకసారి లాగితే అది తన గూటిలో దిగిన సంగతి తెలుస్తుంది. కేబుల్‌ను డీరైలర్ వరకు తెచ్చి, అక్కడ కేబుల్ బిగువును సరిచేసే బ్యారెల్ అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి తిప్పి, ఒక చుట్టు వెనక్కి వదిలి, కేబుల్‌ను చేత్తో బిగువుగా లాగి పట్టుకుని బోల్టు బిగించండి. బోల్టు కింద కేబుల్ కోసమే ఒక గాడి ఉంటుంది. కేబుల్ ఆ గాడి దాటి పక్కకు పడితే లాగే పొడవు మారిపోయి, ఏ ట్యూనింగుకూ గేర్లు లొంగవు. బిగింపు 6 న్యూటన్ మీటర్లు ఉంటే చాలు.

గేర్లను శ్రుతి చేయడం

ముందు, డీరైలర్ ఎంతవరకు కదలవచ్చో హద్దులు నిర్ణయించే హెచ్, ఎల్ అనే రెండు స్క్రూల గురించి ఒక మాట. షిఫ్టర్ పాడైనప్పుడు తోచక చాలామంది మొట్టమొదట తిప్పేది వీటినే. మీరు తిప్పకపోయి ఉంటే వాటిని అలాగే వదిలేయండి. తిప్పి ఉంటే, చైను చిన్న చక్రం మీద ఉండగా వెనక నుంచి చూస్తూ, పై పుల్లీ ఆ చక్రం కిందికి సూటిగా వచ్చేలా హెచ్ స్క్రూను సరిచేయండి. తరువాత కేబుల్‌ను చేత్తో లాగి చైనును పెద్ద చక్రం మీదికి ఎక్కించి, పుల్లీ దానికి సూటిగా ఉండి, చైను చువ్వల వైపు దాటకుండా ఎల్ స్క్రూను సరిచేయండి. చువ్వల్లోకి దూకిన చైను డీరైలర్‌నూ చక్రాన్నీ ఒకేసారి పాడుచేస్తుంది కాబట్టి ఇది తొందరలో చేసే పని కాదు.

ఇప్పుడు పెడల్ తిప్పుతూ పెద్ద లివర్‌ను ఒక్కసారి నొక్కండి. చైను రెండో చక్రం మీదికి ఎక్కాలి. ఎక్కకపోతే లేదా తటపటాయిస్తే, డీరైలర్ వెనక నిలబడి చూస్తూ బ్యారెల్‌ను అపసవ్య దిశలో పావు చుట్టు తిప్పండి, కేబుల్ బిగుస్తుంది. ఒక్క నొక్కుకే మూడోదాన్ని తాకుతుంటే సవ్య దిశలో తిప్పి వదులు చేయండి. కచ్చితమైన స్థానం దొరకడానికి షిమానో చెప్పే పద్ధతి చెవికి సంబంధించినది. చైను రెండో చక్రం మీద ఉండగా, అది మూడోదాన్ని రాసుకుంటూ సన్నని చిటచిట శబ్దం వచ్చేవరకు బిగించి, ఆ శబ్దం ఆగేంతవరకు మాత్రం వెనక్కి వదలాలి. అక్కడ కుదిరితే మిగిలిన చక్రాల మీద తనంతట తానే కుదురుతుంది.

ఇంత సున్నితం ఎందుకంటే, ఎనిమిది గేర్ల క్యాసెట్‌లో పక్కపక్క చక్రాల మధ్యల దూరం సుమారు 4.8 మిల్లీమీటర్లు ఉంటే, పదకొండు గేర్లదానిలో అది సుమారు 3.7 మాత్రమే. పాత సైకిల్ క్షమించే తప్పును కొత్త సైకిల్ క్షమించదు. పైకి ఎక్కేటప్పుడు బాగుండి దిగేటప్పుడు మాత్రం ఆలస్యం చేస్తుంటే బ్యారెల్‌ను తిప్పుతూ కూర్చోకండి. కేబుల్ ఎక్కడో రాపిడికి గురవుతోంది, ఔటర్ కొసలు మళ్లీ చూడండి.

ఎడమ షిఫ్టర్‌కు కడిగే పద్ధతి ఇదే. అందులో పెద్ద టక్కుల మధ్య సగం మెట్టు కదిలే చిన్న టక్కులు కూడా ఉంటాయి. అవి ముందువైపు డీరైలర్ పంజరానికి చైను రాసుకోకుండా సర్దుకోవడానికి పెట్టినవి, దోషం అనుకోవద్దు. స్రామ్ కంపెనీ డబుల్‌ట్యాప్ షిఫ్టర్‌లో ఒకే లివర్ ఉంటుంది, కొద్దిగా నొక్కితే చిన్న చక్రానికి, ఎక్కువగా నెడితే పెద్ద చక్రానికి మారుతుంది. అందువల్ల కడిగేటప్పుడు ఆ రెండు రకాల నొక్కులనూ సమానంగా చేయాలి.

కేబుల్ కొసను రెండు అంగుళాలు వదిలి కోసి, టోపీ నొక్కి, రబ్బరు తొడుగు వెనక్కి లాగండి. హ్యాండిల్ టేపు విప్పి ఉంటే దాన్ని వెంటనే చుట్టకుండా, ఔటర్‌ను ఇన్సులేషన్ టేపుతో హ్యాండిల్‌కు అంటించి దగ్గర్లో ఒక చిన్న సవారీ చేసి రండి, ఏదైనా ఔటర్ పొట్టిగా ఉందనో వంకరగా ఉందనో అప్పుడే బయటపడుతుంది. కొత్త ఔటర్ కొసలు టోపీల్లో సర్దుకోవడం వల్ల మొదటి వంద కిలోమీటర్లలో కేబుల్ కొద్దిగా వదులై, ఎక్కే గేర్లు మందకొడిగా మారతాయి. అప్పుడు బ్యారెల్‌ను అపసవ్య దిశలో పావు చుట్టు తిప్పి, అది చాలకపోతే ఇంకో పావు చుట్టు తిప్పండి.